అరీనా ఒప్పందం ఆగిపోయింది, టీమ్ ఊరు మారుతుందంటున్నారు: అభిమానులుగా మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండి. మీ ఊరి బాస్కెట్‌బాల్ టీమ్‌కి కొత్త అరీనా (ఆట జరిగే ఇండోర్ స్టేడియం) కట్టే ఒప్పందం సిటీ కౌన్సిల్ దగ్గర ఆగింది. ఓనర్ వేరే ఊరివాళ్ళతో మాట్లాడుతున్నాడని పేపర్లో వచ్చింది. సీజన్ టికెట్ రెన్యూవల్‌కి నెలాఖరు గడువు. డబ్బు కట్టాలా, మానేసి నిరసన చూపించాలా, అసలు మనలాంటి మామూలు వాళ్ళు ఏం చేసినా తేడా పడుతుందా అన్నారు. ఊరి పేరు రాయలేదు. రాయకపోయినా పరవాలేదు, ఈ కథ ఏ ఊళ్ళో అయినా దాదాపు ఒకేలా నడుస్తుంది.

నేను 2004 నుంచి కాలిఫోర్నియాలో శాక్రమెంటో పక్కన ఫోల్సమ్‌లో ఉంటున్నాను. శాక్రమెంటో కింగ్స్‌కి పై వరసల్లో మాకు రెండు సీట్లు. 2011 నుంచి 2013 దాకా మా టీమ్ మూడుసార్లు పోయినట్టే పోయి మిగిలింది. ఆ రెండేళ్ళూ కౌన్సిల్ సమావేశాలకి తిరిగినవాడిగా చెప్తున్నాను.

ముందు సూటిగా జవాబు. టికెట్ మానొద్దు. ఓనర్‌ని బతిమాలొద్దు. ఆయన్ని తిడుతూ కాలం గడపొద్దు. మీ ఓపికంతా మీ కౌన్సిల్ మీదా, లీగ్‌లో ఓటు వేసే మిగతా ఓనర్ల కంట పడే పనుల మీదా పెట్టండి. తేడా పడుతుంది. అయితే అభిమానుల వల్ల మాత్రమే ఏ టీమూ ఆగలేదు, మాదీ ఆగలేదు. ఆగడానికి ఇంకో రెండు కావాలి, వాటి గురించి కింద చెప్తాను.

టీమ్ ఓనర్‌దే, కానీ ఊరు మార్చే హక్కు ఆయన ఒక్కడి చేతిలో లేదు. ఎన్‌బీఏ అనే ఈ బాస్కెట్‌బాల్ లీగ్‌లో 30 టీమ్‌లు ఉన్నాయి, ఒక్కొక్కదానికి ఒక ఓటు. ఊరు మారాలంటే సగానికి పైగా ఒప్పుకోవాలి. టీమ్ అమ్మాలంటే నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. వచ్చే సీజన్‌కి ఊరు మారాలనుకున్న టీమ్ మామూలుగా మార్చి 1 లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. పేపర్లో వచ్చే గాలివార్తలకంటే ఆ దరఖాస్తు పడిందా లేదా అన్నదే అసలు వార్త. అయితే లీగ్ గడువు పొడిగించనూ వచ్చు. 2011లో మా విషయంలో ఏప్రిల్ 18కి, తర్వాత మే 2కి పొడిగించారు.

ఆ 30 మంది చూసేవి మూడే. ఆడటానికి కొత్త చోటు వస్తుందా? ఇప్పుడున్న ఓనర్ వదిలేస్తే కొనేవాడు ఆ ఊళ్ళో ఉన్నాడా? జనం డబ్బు పెట్టి చూస్తారా? మూడోది పూర్తిగా మన చేతిలో ఉంది. మొదటిదానికి మన సాయం పనికొస్తుంది. రెండోది మన వల్ల అయ్యేది కాదు, దానికి ఊరి మేయరూ, డబ్బున్నవాళ్ళూ కదలాలి. మూడూ కుదిరిన ఊరు శాక్రమెంటో. కుదరని ఊరు సియాటిల్.

సియాటిల్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మా బావమరిది సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో ఉంటాడు. తొంభైల చివర్లో ఉద్యోగానికి వచ్చి సియాటిల్ టీమ్ సూపర్‌సానిక్స్ పిచ్చిలో పడ్డాడు. 1967 నుంచి ఆ ఊళ్ళో ఉన్న టీమ్, 1979లో ఛాంపియన్లు. వాళ్ళు ఆడే కీఅరీనా, 1995లో బాగుచేసింది, పదేళ్ళు తిరక్కుండానే చాలదని మొదలైంది గొడవ. స్టార్‌బక్స్ అధినేత హోవర్డ్ షుల్ట్జ్ బృందం 2006లో టీమ్‌ని ఓక్లహోమా సిటీకి చెందిన క్లే బెన్నెట్ బృందానికి 350 మిలియన్ డాలర్లకి అమ్మేసింది. ఏడాదిపాటు సియాటిల్‌లోనే అరీనా కోసం నిజాయితీగా ప్రయత్నించాలని షరతు పెట్టారు. సియాటిల్ పక్కనున్న రెంటన్‌లో 500 మిలియన్ల అరీనా కడదామని బెన్నెట్ అడిగారు, రాష్ట్ర శాసనసభ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఆయన భాగస్వామి ఒకాయన, సియాటిల్‌లో ఉంచడానికి మేం టీమ్ కొనలేదని పత్రికతోనే అనేశాడు. లీగ్ ఆయనకి 250,000 డాలర్ల జరిమానా వేసింది కానీ నిర్ణయం మారలేదు. 2008 ఏప్రిల్‌లో ఓటు 28-2. వద్దన్నవాళ్ళు డాలస్, పోర్ట్‌లాండ్ ఓనర్లు ఇద్దరే.

ఇక్కడే మీకు పనికొచ్చే పాఠం ఉంది. సియాటిల్ చేతిలో 2010 దాకా లీజు ఉంది. రెండేళ్ళు ఇక్కడే ఆడి తీరాలని నగరం దావా వేసింది, విచారణ కూడా అయిపోయింది. తీర్పు రావాల్సిన రోజున, 2008 జూలై 2న, నగరం 45 మిలియన్ డాలర్లు తీసుకుని రాజీ పడింది. టీమ్ ఆ వేసవిలోనే వెళ్ళిపోయింది. పేరు, రంగులు మాత్రం సియాటిల్‌కి మిగిలాయి. మా బావమరిది ఈ రోజుకీ ఆ రాజీనే తలుచుకుంటాడు. రెండేళ్ళు పట్టి ఉంచితే ఈలోపు కొనేవాడు దొరికేవాడేమో అంటాడు. నేనూ అలాగే అనుకుంటాను.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని: లీజు తెప్పించుకుని చదవండి. అరీనా నగరానిదో కౌంటీదో (మన జిల్లా లాంటిది) అయితే లీజు పబ్లిక్ రికార్డే, క్లర్క్ ఆఫీసులో అడిగితే ఇస్తారు. ఎప్పటిదాకా ఉంది, ముందే వెళ్తే ఏం కట్టాలి, నగరానికి టీమ్ ఏమైనా బాకీ ఉందా, ఈ మూడూ చూడండి. మా దగ్గర అరీనా టీమ్‌దే, లీజు లేదు. కానీ 1997లో నగరం అప్పటి యాజమాన్యానికి 70 మిలియన్ డాలర్ల పైన అప్పిచ్చింది. ఊరు వదిలితే ఆ బాకీ తీర్చే వెళ్ళాలి. వెళ్ళడం ఆపలేకపోయినా, వెళ్ళేవాడి కాలు కొంచెం బరువెక్కించింది ఆ కాగితం.

ఇక మా కథ. కింగ్స్ మాకు కాన్సస్ సిటీ నుంచి 1985లో వచ్చిన టీమ్. అంతకుముందు సిన్సినాటి, దానికీ ముందు రోచెస్టర్. అంటే మేం ఇంకో ఊరి బాధమీద ఆనందించినవాళ్ళమే. ఇది మీరూ ఒకసారి ఆలోచించుకోండి, వెళ్ళే చోట ఉన్న అభిమానుల మీద కోపం కొంచెం తగ్గుతుంది.

2006 నవంబర్ 7న మా కౌంటీలో అరీనా కోసం అమ్మకం పన్ను పెంచుదామని ఓటింగ్ పెట్టారు. ఐదుగురిలో నలుగురు వద్దన్నారు. విచిత్రంగా అదే రోజు సియాటిల్‌లోనూ అరీనాలకి నగరం డబ్బు పెట్టాలంటే తగిన లాభం తిరిగి రావాలన్న ప్రతిపాదన 74 శాతంతో నెగ్గింది. రెండు ఊళ్ళూ ఒకే రోజు ఒకే మాట చెప్పాయి. జనానికి టీమ్ అంటే ఇష్టం లేక కాదు. కోటీశ్వరుడి కట్టడానికి బట్టల మీద పన్ను కట్టమంటే ఎవరికైనా మండుతుంది. మీ కౌన్సిల్ ప్రతిపాదనలో డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూడండి. సాధారణ పన్నుల మీద ఉంటే అది జనంలో నిలబడదు, మీరు ఎంత అరిచినా.

2011 ఏప్రిల్ 13, బుధవారం. సీజన్ చివరి ఆట, లాస్ ఏంజెలెస్ టీమ్ లేకర్స్‌తో. అప్పటి ఓనర్లు మలూఫ్ సోదరులు టీమ్‌ని దక్షిణ కాలిఫోర్నియాలోని అనహైమ్‌కి తీసుకెళ్తున్నారని ఖాయం అనుకుంటున్న రోజులు. ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్ళి ఓడిపోయాం. ఎవరూ లేవలేదు. పాప్‌కార్న్ ఊడ్చేవాళ్ళు వరసల మధ్యకి వచ్చి, మమ్మల్ని చూసి, చీపుళ్ళు పట్టుకుని అలాగే నిలబడ్డారు. టీవీలో వ్యాఖ్యాతలిద్దరి గొంతులూ పూడుకుపోయాయి. మా పక్క వరసలో ఒక పెద్దాయన కుర్చీ చేతిమీద ఉన్న సీటు నంబర్‌ని బొటనవేలితో తుడుస్తూ కూర్చున్నాడు. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. మనం ఇంటికెళ్ళమా నాన్నా అని అడిగింది. నా దగ్గర మాట లేదు.

ఆ రాత్రి ఏడ్చిన మేమందరం అదే వారం చేసింది వేరు. మేయర్ కెవిన్ జాన్సన్, ఆయన పాత ఎన్‌బీఏ ఆటగాడు, న్యూయార్క్ వెళ్ళి ఓనర్ల ముందు కూర్చున్నారు. చేతిలో స్థానిక వ్యాపారాలు రాసిచ్చిన స్పాన్సర్‌షిప్ హామీలు ఉన్నాయి. ఆ పట్టీలో పెద్ద కంపెనీలతోపాటు చిన్నవీ ఉన్నాయి. మాకు తెలిసిన ఒక హోటల్ యజమాని కూడా తనకి తోచింది రాసిచ్చాడు. మే 2న మలూఫ్‌లు ఇంకో ఏడాది ఉంటామన్నారు. కన్నీళ్ళు టీవీలో చూపించడానికి పనికొచ్చాయి, అంకెలే గదిలో పనిచేశాయి.

2012 ఫిబ్రవరి చివర్లో ఓర్లాండోలో, లీగ్ మేటి ఆటగాళ్ళు ఆడే ఆల్‌స్టార్ వారాంతంలో ఒప్పందం కుదిరింది. పాత రైల్‌యార్డ్ స్థలంలో 391 మిలియన్ల అరీనా. మార్చి 6న కౌన్సిల్ 7-2తో ఆమోదించింది. మేం సంబరాలు చేసుకున్నాం. ఆఫీసులో స్వీట్లు పంచాను. సరిగ్గా ఏప్రిల్ 13న, ఏడాది తిరిగిన రోజే, మలూఫ్‌లు వెనక్కి తగ్గారు. గొడవ ఎక్కడ మొదలైందో తెలుసా? నిర్మాణానికి ముందు ఖర్చుల్లో వాళ్ళ వాటా, మూడు మిలియన్ల పైచిలుకు. 391 మిలియన్ల పని దాని దగ్గర ఆగిపోయింది. ఓనర్‌కి మనసు లేనప్పుడు చిన్న మెలిక చాలు. కరచాలనం చూసి నమ్మొద్దు. సంతకాలు పడి, బాండ్లు (నగరం అప్పు తెచ్చుకునే పత్రాలు) అమ్ముడయ్యేదాకా ఒప్పందం ఉన్నట్టు కాదు.

అలాగే ఒప్పందం ఆగిందంటే టీమ్ పోయినట్టూ కాదు. మీరు భయపడుతున్నది దీనికే కాబట్టి ఇంకో రెండు ఊళ్ళ సంగతి చెప్తాను. వాషింగ్టన్ విజార్డ్స్ 2023 డిసెంబర్‌లో నది దాటి వర్జీనియాలోని అలెగ్జాండ్రియాకి వెళ్తామని గవర్నర్ పక్కన నిలబడి ప్రకటించారు. వర్జీనియా సెనేట్‌లో బిల్లు కదల్లేదు. మూడు నెలల్లో ఆ పథకం పోయి, 2024 మార్చిలో నగరం 515 మిలియన్లు పెట్టేలా ఒప్పుకుని టీమ్ ఉన్నచోటే ఉంది. మిల్వాకీలో పాత ఓనర్ హెర్బ్ కోల్ 2014లో టీమ్ అమ్మేటప్పుడే ఊళ్ళోనే ఉంచాలని షరతు పెట్టి, అరీనాకి తన జేబులోంచి 100 మిలియన్లు ఇచ్చాడు. అక్కడా శాసనసభలో నెలల తరబడి నలిగింది. 2018లో అరీనా తెరిచారు, 2021లో వాళ్ళు ఛాంపియన్లు. అలాంటి ఓనర్ దొరకడం అదృష్టం, అందరికీ దొరకరు.

మాకు దొరకలేదు. 2013 జనవరిలో మలూఫ్‌లు తమ 65 శాతం వాటాని సియాటిల్ బృందానికి అమ్మడానికి ఒప్పుకున్నారు. క్రిస్ హాన్సెన్, స్టీవ్ బాల్మర్ ముందుండి నడిపించిన బృందం అది. మొత్తం టీమ్ విలువ 525 మిలియన్లు కట్టారు. మా బావమరిది ఫోన్ చేసి, సంతోషం ఆపుకోలేక, ఆపుకోవడానికి ప్రయత్నిస్తూ మాట్లాడాడు. ఐదేళ్ళుగా ఎదురుచూస్తున్నవాడు, నేనేమనగలను? మే నెల దాకా మా ఇంట్లో ఫోన్లు ఆరోగ్యం, పిల్లల చదువులతోనే ఆగిపోయేవి.

అప్పుడు మా అభిమానులు చేసిన పనే మీ టికెట్ ప్రశ్నకి అసలు జవాబు. ఆ సీజన్‌లో మా హాజరు లీగ్ అట్టడుగున ఉంది. చాలామంది మలూఫ్‌ల మీద కోపంతో రావడం మానేశారు. వాళ్ళ కోపం న్యాయమే. కానీ ఖాళీ కుర్చీకి నోరు ఉండదు. ఓనర్ మీద కోపమా, ఊరికి ఆసక్తి లేకనా అన్నది టీవీలో కనపడదు. ఎదుటివాళ్ళు రెండోదే అంటారు. దాంతో అభిమానులు ఒక పద్ధతి పెట్టారు: కొత్త యాజమాన్యం వస్తే సీజన్ టికెట్లు కొంటామని పేరు పేరునా హామీలు సేకరించారు. పాత ఓనర్‌కి డబ్బు ముట్టదు, ఊళ్ళో ఎంతమంది ఉన్నారో లెక్క తేలుతుంది. నేను రెండు సీట్లకి రాసి, మా తెలుగు మిత్రుల ఇళ్ళకి వారాంతాల్లో తిరిగి ఇంకో పదకొండు ఇళ్ళవాళ్ళ చేత రాయించాను. క్రికెట్ తప్ప ఏదీ చూడనివాళ్ళు కూడా పిల్లల కోసం రాశారు.

మీకు నా సలహా ఇది. మీ సీట్లు రెన్యూ చేయండి, కానీ డబ్బు కట్టేముందు కాగితం చదవండి. టీమ్ వెళ్ళిపోతే మిగిలిన ఆటల డబ్బు వెనక్కి ఇస్తారా, వచ్చే ఏడాదికి సర్దుతామంటారా? రెండోదైతే ఏడాది మొత్తం ఒకేసారి కట్టకండి, వాయిదాలు అడగండి, క్రెడిట్ కార్డు మీద కట్టండి. ఇంట్లో ఇబ్బందిగా ఉంటే పది ఆటల ప్యాకేజీ చాలు. అప్పు చేసి కట్టే పని మాత్రం వద్దు. దానితోపాటు మా లాంటి హామీల పట్టీ మీ ఊళ్ళో ఉంటే చేరండి, లేకపోతే నలుగురు కలిసి మొదలుపెట్టండి. వెళ్ళిన ఆటల్లో ఓనర్‌ని అమ్మేయమని అరవడం కంటే ఊరి పేరు అరవండి. మా దగ్గర ‘శాక్-ర-మెన్-టో’ అనే కేక ఎదుటి టీమ్ కెమెరాలకి కూడా వినపడేది.

2013 మార్చి 26, మంగళవారం. కౌన్సిల్ సమావేశం. డౌన్‌టౌన్ ప్లాజా స్థలంలో 448 మిలియన్ల అరీనా, నగరం వాటా 258 మిలియన్లు, ఎక్కువ భాగం పార్కింగ్ ఆదాయం మీద తెచ్చే బాండ్ల నుంచి. హాల్ నిండిపోయి బయట వరండాలో నిలబడ్డాం. మాట్లాడాలంటే చీటీ రాసివ్వాలి, పిలిచినప్పుడు రెండు నిమిషాలు. నా ముందు వద్దని మాట్లాడిన ఒక టీచరమ్మ, తమ బడిలో లైబ్రేరియన్ని తీసేశారని చెప్పింది. ఆమె మాట నాకు ఈ రోజుకీ గుర్తుంది. మీరు వెళ్ళినప్పుడు అలాంటివాళ్ళని శత్రువులుగా చూడకండి. ఊరికి లాభాలు వరదలా వస్తాయని చెప్పకండి. క్రీడా కట్టడాలకి ప్రజాధనం పెడితే ఆ స్థాయిలో తిరిగిరాదని ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా దాదాపు ఒకే గొంతుతో చెప్తున్నారు, కౌన్సిల్ సభ్యులకీ అది తెలుసు. మీ ఇంటి సంగతి చెప్పండి, ఎంత ఖర్చుపెడతారో చెప్పండి, ఒప్పందంలో ఏ షరతు ఉండాలో చెప్పండి. మా దగ్గర ఆ రోజు కూడా ఓటు 7-2.

షరతుల గురించి గట్టిగా అడగాల్సినవి రెండు. ఖర్చు పెరిగితే ఎవరు భరిస్తారు? ఎన్నేళ్ళు కదలకుండా ఉంటామని రాసిస్తారు? మా అరీనా చివరికి 558 మిలియన్లు అయింది. నగరం వాటా 255 దగ్గరే ఆగింది, పెరిగింది టీమ్ భరించింది. 35 ఏళ్ళు ఊరు వదలమని రాసిచ్చారు. ఆ రెండు వాక్యాలు లేకపోతే నేను కూడా వద్దని మాట్లాడేవాణ్ణి. అయినా బరువు లేదని కాదు. 2020లో కరోనాతో డౌన్‌టౌన్ ఖాళీ అయినప్పుడు పార్కింగ్ ఆదాయం పడిపోయింది, బాండ్ల వాయిదా మాత్రం ఆగదు కదా.

కొనేవాడు మాకు మేయర్ వెతికితే దొరికాడు. టిబ్‌కో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ స్థాపించిన వివేక్ రణదివే, ముంబైలో పుట్టినాయన, అప్పటికి గోల్డెన్ స్టేట్ వారియర్స్ అనే ఇంకో ఎన్‌బీఏ టీమ్‌లో చిన్న వాటాదారు. మన దేశంలో పుట్టినాయన ఎన్‌బీఏ టీమ్‌కి ప్రధాన యజమాని కావడం అదే మొదలు, మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో దానికో ప్రత్యేకమైన గర్వం ఉంది. సియాటిల్ బృందం విలువని 625 మిలియన్ల దాకా పెంచింది. అయినా ఏప్రిల్ 29న లీగ్ కమిటీ 7-0తో తరలింపు వద్దంది. మే 15న డాలస్‌లో ఓనర్లందరి ఓటు 22-8, తరలింపు వద్దనే. మలూఫ్‌లు రణదివే బృందానికే, 535 మిలియన్ల విలువకి అమ్మారు. తక్కువ డబ్బు వస్తున్న చోట లీగ్ ఎందుకు ఆపింది? స్థలం, కౌన్సిల్ ఓటు, కొనేవాడు, కుర్చీలకి హామీ, అన్నీ అప్పటికి బల్లమీద ఉన్నాయి. సియాటిల్‌కి 2008లో వీటిలో ఒక్కటీ సమయానికి లేదు.

గెలిచాక కూడా జాగ్రత్తగా ఉండండి. ఆ వేసవిలో అరీనాని ఓటింగ్‌కి పెట్టాలని మా ఊళ్ళో సంతకాల సేకరణ జరిగింది. దాని వెనక డబ్బు క్రిస్ హాన్సెన్‌దని తర్వాత బయటపడింది. ఆయన క్షమాపణ చెప్పారు, రాష్ట్ర కమిషన్ జరిమానా వేసింది. మీ ఊళ్ళో సంతకం చేయమని ఎవరైనా అట్ట పట్టుకుని వస్తే, అటువైపైనా ఇటువైపైనా, డబ్బు ఎవరిదని అడిగి మరీ చేయండి.

మా కొత్త అరీనా, గోల్డెన్ వన్ సెంటర్, 2016లో తెరిచారు. ఆ తర్వాత ఆరేళ్ళు మా టీమ్ ఓడుతూనే ఉంది, 2023లో గానీ మళ్ళీ ప్లేఆఫ్స్ (సీజన్ చివర మేటి టీమ్‌లు ఆడే పోటీలు) చూడలేదు. మా బావమరిది ఆ ఏడాది వచ్చి మాతో ఒక ఆట చూశాడు. గెలిచాక పైకప్పు మీంచి ఊదారంగు వెలుగు ఆకాశంలోకి వేస్తారు, అది చూస్తూ బయట నిలబడ్డాం. సానిక్స్ ఆకుపచ్చ టోపీయే పెట్టుకుని వచ్చాడు, మేమెవరం తీయమనలేదు.

ఈ వారంలో రెండు పనులు చేయండి. క్లర్క్ ఆఫీసులో లీజు కాపీకి దరఖాస్తు పెట్టండి. కౌన్సిల్ వచ్చే సమావేశం అజెండాలో అరీనా అంశం ఉందో లేదో చూసి, ఉంటే చీటీ రాసి రెండు నిమిషాలకి మాట సిద్ధం చేసుకోండి. లీజు చేతికొచ్చాక, ముందే వెళ్ళిపోతే ఏం కట్టాలన్న పేరా ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.